కార్డు మీద లేని పదో వచనం

(గుంటూరులో సంఘ పెద్దలు, స్త్రీల సమాజం నాయకురాళ్లు, ఆదివారపు బడి ఉపాధ్యాయుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ వందనాలండి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక మన సంఘాల్లో ఒక్కో బైబిలు వచనం అచ్చు వేసిన వాగ్దాన కార్డులు పంచుతాం. పళ్లెంలో బోర్లించి పెడితే ఒక్కొక్కరూ వచ్చి ఒకటి తీసుకుంటారు. ఇంటికెళ్లి ఫ్రిజ్ తలుపుకో బీరువా అద్దానికో అంటిస్తారు. చాలామంది తమ చేతికి రావాలని కోరుకునే వచనం యిర్మీయా 29:11. "అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని దేవుడు చెప్పే మాట. రాబోయే కాలంలో మీకు నిరీక్షణ కలుగుతుందని కూడా అందులోనే ఉంది. మంచి వచనం, దానితో నాకు పేచీ లేదు. దాని పైనున్న పదో వచనాన్ని మాత్రం మనం అచ్చు వేయించం. అందులో దేవుడు పెట్టిన గడువు ఉంది. డెబ్బై ఏళ్లు.

ఈ వచనాలు యిర్మీయా ప్రవక్త రాసిన ఒక ఉత్తరంలోవి. ఆ ఉత్తరం ఎవరికి వెళ్లిందో చూడండి. క్రీస్తుపూర్వం 597లో బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకి. ఆ రోజు ముప్ఫై ఏళ్లున్న మనిషికి దాని అర్థం, నువ్వు తిరిగి వెళ్లవు, నీ మనవలు వెళ్తారు అని. అది చదివి అతను కార్డు కట్టించి గోడకు పెట్టుకుని ఉంటాడా? అయిదో వచనం నుంచి ఏడో వచనం దాకా యిర్మీయా చేయమన్న పనులు ఇవీ: ఇళ్లు కట్టుకోండి, తోటలు వేయండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి. నిరీక్షణ మాట వచ్చేది వీటన్నిటి తర్వాతే.

దీనికి ముందు అధ్యాయం, 28, మన సంఘాల్లో అరుదుగా వినపడుతుంది. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో జనం ముందు నిలబడి "రెండేళ్లు" అన్నాడు. బబులోనుకు పట్టుకుపోయిన దేవాలయపు పాత్రలు రెండేళ్లలో తిరిగొస్తాయి, రాజు తిరిగొస్తాడు. బబులోనుకు లొంగాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడి తీసి విరిచాడు కూడా. జనానికి ఎవరి మాట నచ్చి ఉంటుందో వేరే చెప్పాలా? అది అయిదో నెల. ఏడో నెలలో హనన్యా చనిపోయాడు. అతను దేవుణ్ణి కాదనలేదు, తిట్టలేదు. దేవుడు పెట్టని తేదీ తను పెట్టాడు, అంతే. అబద్ధపు నిరీక్షణ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ అధ్యాయమే చూపిస్తాను.

మన దగ్గర నిరీక్షణ ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. "ఈ మార్చిలోపు ఉద్యోగం", "ఈ సంవత్సరం సంతానం", "మూడు నెలల్లో అప్పు తీరుతుంది" అని వేదిక మీద నుంచి తేదీలు పెడతాం. తేదీ దాటిపోతుంది. చెప్పినవాళ్లు మరిచిపోతారు. విన్నవాడు మరిచిపోడు. నా విశ్వాసంలోనే లోపముందేమో అనుకుంటాడు కొన్నాళ్లు. తర్వాత దేవుడిలోనే ఉందేమో అనుకుంటాడు. ఆ తర్వాత ఆదివారం రావడం మానేస్తాడు. మనమేమో "ఫలానా అతను చల్లబడిపోయాడు" అంటాం.

ఇక్కడ మాటల గురించి కొంచెం చెప్పాలి. తెలుగులో "ఆశ"కు రెండు ముఖాలున్నాయి. ఆశపోతు, అత్యాశ అని తిట్టేటప్పుడూ అదే మాట. మన బైబిలు అనువాదకులు చాలాచోట్ల "నిరీక్షణ" అనే మాట వాడారు. ఈక్షించడమంటే చూడటం. నిరీక్షణ అంటే ఎదురుచూపు. ఆశలో నాకేం కావాలన్నది ముందుంటుంది, ఎదురుచూపులో ఎవరు వస్తారన్నది ముందుంటుంది. యిర్మీయా 29:11లోని హెబ్రీ మాట తిక్వా. యెహోషువ రెండో అధ్యాయంలో యెరికో పట్టణపు రాహాబు తన ఇల్లు కాపాడబడాలని కిటికీకి కట్టిన ఎర్ర తాడు ఉంది కదా, అక్కడ తాడుకు వాడిన మాట కూడా తిక్వాయే. యెషయా 40:31లో "యెహోవాకొరకు ఎదురు చూచువారు" అన్నదీ ఆ కుటుంబంలోని క్రియే. రాహాబు తాడు ఒక కొస ఇంటికి కట్టి ఉంటుంది, రెండో కొస బయట వేలాడుతుంది. పట్టణం గోడలు కూలుతున్నా ఆ ఇంట్లోవాళ్లు తాడు కట్టిన గదిలోనే కూర్చున్నారు.

హెబ్రీ పత్రిక, అంటే హెబ్రీయులకు రాసిన ఉత్తరం, ఆరో అధ్యాయంలో ఇంకో పోలిక ఉంది, లంగరు. దీని మీద ప్రసంగాలు చాలా విన్నాం గానీ లంగరు ఎలా పనిచేస్తుందో చెప్పినవి తక్కువ. నిజాంపట్నం పడవలవాళ్లని అడగండి. లంగరు పట్టు బరువులో కొంతే, మిగతాదంతా తాడు పొడవులో ఉంటుంది. నీళ్లు పది మీటర్ల లోతుంటే యాభై నుంచి డెబ్బై మీటర్ల తాడు వదలాలి, గాలి పెరిగితే ఇంకా వదలాలి. అప్పుడు లాగుడు నేల వెంట అడ్డంగా పడుతుంది, కొక్కెం మట్టిలో ఇంకా దిగబడుతుంది. పదిహేను మీటర్లే వదిలారనుకోండి, కెరటం పడవను ఎత్తినప్పుడల్లా లంగరు పైకి లేచి ఊడిపోతుంది. అంటే అదే లంగరు, అదే నేల. తాడు చాలక పడవ కొట్టుకుపోతుంది. రెండు నెలల గడువుతో దేవుణ్ణి నమ్మడం పొట్టి తాడుతో లంగరు వేయడం. పత్రిక రాసినాయన ఇంకో మెలిక పెట్టాడు. ఈ లంగరు కిందికి కాదు, దేవుని సన్నిధికి అడ్డుగా ఉండే తెర లోపలికి వెళ్తుందన్నాడు, యేసు ముందుగా వెళ్లిన చోటికి. మనకు కనపడని చోట అది నాటుకుని ఉంది. మన చేతిలో తాడు కొసే ఉంటుంది.

కాబట్టి నిరీక్షణకు పునాది కార్డు మీది వచనం కాదు, మన గట్టి గుండె కూడా కాదు. పౌలు ఒక్క చోటే పెట్టాడు దాన్ని, ఖాళీ సమాధి దగ్గర. 1 కొరింథీయులకు 15 తీయండి. క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం అన్నాడు. ఈ జీవితకాలం మట్టుకే నిరీక్షించేవారమైతే అందరికంటే దౌర్భాగ్యులమన్నాడు. యాభై ఎనిమిది వచనాలు పునరుత్థానం గురించి రాసి, పదహారో అధ్యాయం మొదటి వచనంలో దేనికి వచ్చాడో చూశారా? చందాకి! యెరూషలేములోని బీదవారి కోసం వారం వారం కొంత పక్కన పెట్టండి అంటాడు. (నవ్వులు) నవ్వకండి, అది దిగజారడం కాదు. కడవరి బూర గురించి రాసిన కలమే చందా లెక్కా రాసింది. మరణం ఓడిపోయిందని నమ్మినవాడికి వారానికి కొంత తీసి పక్కన పెట్టడం భయం కాదు.

మరి ఆరిపోయిన నిరీక్షణను మళ్లీ వెలిగించడం ఎలా? లూకా 24లో, యేసు సిలువ మరణం తర్వాత, ఇద్దరు శిష్యులు ఎమ్మాయు దారిలో నడుస్తున్నారు. సుమారు పదకొండు కిలోమీటర్లు, బెజవాడ నుంచి మంగళగిరి దాకా అనుకోండి. వాళ్ల నోట వచ్చిన మాట "మేము నిరీక్షించియుంటిమి". భూతకాలం. పక్కనే నడుస్తున్న ప్రభువును వాళ్లు గుర్తుపట్టలేదు. ఆయన వెంటనే "నేనే" అని చెప్పి ముగించొచ్చు. చెప్పలేదు. మొదట ఏం జరిగిందని అడిగి, వాళ్లు చెప్పేదంతా విన్నాడు. తర్వాత మోషే మొదలుకొని లేఖనాలు వివరించాడు. తర్వాత బల్ల దగ్గర రొట్టె విరిచాడు. అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. వినడం, వాక్యం, భోజనం, ఈ వరస మనం తారుమారు చేస్తుంటాం. ఇంటికెళ్లీ వెళ్లకముందే బైబిలు తెరుస్తాం, వాళ్లు నోరు తెరిచేలోపు ప్రార్థన ముగిస్తాం.

ఏలీయా సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 1 రాజులు 19. బదరీ వృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవదూత గద్దించలేదు, ప్రసంగం చెప్పలేదు. తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. అప్పుడు నలభై రోజుల నడక. హోరేబులో దేవుడు "ఇక్కడ నీవేమి చేయుచున్నావు" అని రెండుసార్లు అడిగి, ఏలీయా రెండుసార్లూ ఒకే ఫిర్యాదు చేస్తే ఓపికగా విన్నాడు. చివర ఇచ్చినవి రెండు: చేయడానికి పని, తోడుగా ఎలీషా. బయలుకు మొక్కనివాళ్లు ఏడు వేలమంది మిగిలారన్న లెక్క కూడా చెప్పాడు గానీ, అది నిద్ర, తిండి, నడక అన్నీ అయ్యాక. మొదటి రోజే చెట్టు కింద చెప్పి ఉంటే ఆ లెక్క ఏలీయాకు ఎక్కేది కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు నడుం లోతు నీళ్లలో మంచినీళ్ల క్యాన్లు మోసినవాళ్లు ఈ వరస చదివే వెళ్లారో లేదో గానీ, చేసింది మాత్రం ఇదే.

ఇప్పుడు పనిలోకి వద్దాం. ఎవరైనా చనిపోతే భూస్థాపన అవుతుంది, కొన్నాళ్లకు ఆదరణ కూటం పెడతాం, భోజనాలవుతాయి. ఆ తర్వాత ఆ గడప తొక్కేవాళ్లుండరు. ఇంట్లో నిశ్శబ్దం మొదలయ్యేది అప్పుడే. పెద్దలు ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఆదరణ కూటం తర్వాత రెండో వారం, నలభయ్యో రోజు, మూడో నెల, మొదటి సంవత్సరం, ఈ నాలుగు తేదీలు రాసుకోండి. ఇద్దరు వెళ్లండి, పదిమంది కాదు. అరగంట చాలు. పోయినవారి పేరు పెట్టి మాట్లాడండి, ఆ పేరు ఎవరూ ఎత్తడం లేదనే ఇంట్లోవాళ్ల బాధ. "దేవుని చిత్తం", "మన మంచికే" అన్న మాటలు ఆ అరగంటలో వద్దు. రోమా 5లో "శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను" అని ఉంది కదా అంటారు. నిజమే. పౌలు అక్కడ "మనము" అంటూ తన్ను కలుపుకుని చెప్పుకున్నాడు. పక్కవాడి గాయం మీద రుద్దడానికి ఇచ్చింది కాదది. పక్కవాడి కోసం అదే పత్రికలో పన్నెండో అధ్యాయం ఉంది, "ఏడ్చువారితో ఏడువుడి" అని.

అన్నట్టు ఆ వచనంలోని "పరీక్ష" అన్న మాట మనల్ని కొంచెం దారి తప్పిస్తుంది. పదో తరగతి పరీక్షలా ఇంకో కష్టం వస్తుందనుకుంటాం. గ్రీకు మాట దొకిమే. గీటురాయి మీద గీసి చూసి ఇది మేలిమే అని తేల్చాక బంగారానికి ఉండే స్థితి అది. కష్టంలో నిలబడ్డాక, ఇది నిలబడేదేనని మనకే తెలిసివస్తుంది. ఆ తెలివిడిలోంచి నిరీక్షణ పుడుతుంది. అందుకే నిన్నటిదాకా కష్టమెరగని కుర్రాడి ఉత్సాహమూ, ముప్ఫై ఏళ్లు మిరపచేను చేసి మూడుసార్లు నష్టపోయి నాలుగోసారి నారు పోస్తున్న రైతు నిరీక్షణా ఒకటి కావు.

ఇక మొర. కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే. మన ఆరాధనలో వాటి వంతు ఎంతో మీరే చూసుకోండి. కీర్తన 13 ఆరు వచనాలే, నేర్పడానికి తేలిక. మొదటి రెండు వచనాల్లో "ఎన్నాళ్లు" అన్న ప్రశ్న నాలుగుసార్లు. తర్వాతి రెండింటిలో మనవి. చివరి రెండింటిలో నమ్మిక. ఆదివారపు బడిలో పెద్ద పిల్లలతో కాగితం మీద ఇలాగే ఆరు వాక్యాలు రాయించండి: రెండు ప్రశ్నలు, రెండు మనవులు, రెండు నమ్మిక మాటలు. చివరి రెండూ రాకపోతే బలవంతం చేయొద్దు. కీర్తన 88 "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని చీకటిలోనే ఆగిపోయింది, అయినా లేఖనంలో దానికి చోటుంది. విలాపవాక్యములు చూడండి. మూడో అధ్యాయం 18లో "యెహోవాయందు నాకిక ఆశలు లేవనుకొంటిని" అన్న మనిషే 21లో "నేను దీని జ్ఞాపకము చేసికొనగా నాకు ఆశ పుట్టుచున్నది" అంటాడు. ఊళ్లో పరిస్థితి ఏమీ మారలేదు. మారింది అతను గుర్తు చేసుకున్న విషయం. ఇంకా గమనించండి, ఈ మాట పుస్తకం చివర లేదు, నడిమధ్యలో ఉంది. ఆ తర్వాత మళ్లీ ఏడుపుంది. కన్నీళ్లు తిరిగొస్తే నిరీక్షణ పోయిందని కంగారు పడక్కర్లేదు.

గుర్తు చేసుకోవడానికి గుర్తులుండాలి. ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటినప్పుడు అందులోంచి పన్నెండు రాళ్లు తీయించింది అందుకే. మన సాక్ష్యాల సమయం ఆ రాళ్ల కుప్పే కావాలి, కానీ అక్కడ పని అయిపోయినవాళ్లే మాట్లాడతారు. వీసా వచ్చింది, సీటు వచ్చింది. రానివాళ్లు వింటూ కుంచించుకుపోతారు. నెలకొక ఆదివారం ఇంకా తేలని సాక్ష్యానికి మూడు నిమిషాలు ఇవ్వండి: "ఇంకా రాలేదు, ఇంకా ఎదురుచూస్తున్నాను, ఈ నెల నన్ను నిలబెట్టింది ఇది" అని. మొదట్లో ఎవరూ లేవరు. పెద్దల్లో ఒకరు ముందు లేవాలి.

మన గడ్డ మీది రాయి ఒకటి చెబుతాను. నెల్లూరు బాప్తిస్టు మిషను 1840 నుంచి పనిచేస్తుంటే ఫలితం వేళ్ల మీద లెక్కపెట్టేంత. 1853లో అమెరికాలో దాన్ని మూసేద్దామా అని చర్చ జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషను మిషనరీలు జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. అప్పుడది నెల్లూరు జిల్లా, తర్వాత చాలాకాలం మన గుంటూరు జిల్లా. వాళ్లడిగిన ఆ మనిషి, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలు చేరింది 1866లో. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. నేను ఆగేది ఇక్కడే. కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, గంజి కోసం చేరారన్న మాట రాకూడదని. తమకు తిండి పెట్టినా పెట్టకపోయినా బాప్తిస్మం కావాలన్నారు జనం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు, వారిలో అత్యధికులు మాదిగలు. కొండ మీద ప్రార్థనకీ ఏటి ఒడ్డుకీ మధ్య ఇరవై నాలుగేళ్లు. ఆ అంకెతో గొప్పలు చెప్పుకుంటాం గానీ, నాకు పెద్దగా కనపడేది ఆగిన నెలలే. జనం చేరడానికి సిద్ధంగా ఉన్నప్పుడు తలుపు వేసి ఉంచాలంటే పొడుగు తాడు కావాలి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నిరీక్షణ లేకపోవడమూ మానసిక కుంగుబాటు జబ్బూ ఒకటి కావు, రెండూ కలిసి ఉండొచ్చు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి పాడై, ఏ పని మీదా మనసు పోక, "నేను లేకపోతేనే మేలు" అనే మాటలు వస్తుంటే డాక్టరు దగ్గరికి మీరే తోడు వెళ్లండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఇంట్లో పురుగుమందు ఉంటే ఆ రోజే అక్కడి నుంచి తీసేయించండి, మనిషిని ఒంటరిగా వదలొద్దు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ వాళ్లు పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో "స్వస్థత వచ్చింది, ఆపెయ్" అని ఎవరూ చెప్పకూడదు, పాస్టరు గారైనా సరే. ఏలీయాకు రొట్టె పెట్టిన దేవుడే మాత్ర కూడా ఇచ్చాడనుకోండి.

యిర్మీయా దగ్గరికి తిరిగొస్తాను. 32వ అధ్యాయం. యెరూషలేము ముట్టడిలో ఉంది, ఆయన చెరసాల ప్రాకారంలో ఉన్నాడు. పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో పొలం కొనమన్నాడు. ఆ పొలం అప్పటికే శత్రువు చేతిలో ఉంది. ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చూసుకోనిదే మన గుంటూరులో సెంటు భూమి కొంటామా? ఈయన పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. హెబ్రీ తూకం షెకెలు, సుమారు 11 గ్రాములు, అంటే రెండు వందల గ్రాములకు కాస్త తక్కువ. సాక్షులతో సంతకాలు చేయించాడు. ముద్ర వేసిన పత్రం ఒకటి, తెరిచి ఉన్నది ఒకటి, రెండూ తన లేఖకుడు బారూకుకిచ్చి, చాలాకాలం ఉండేలా మట్టికుండలో పెట్టమన్నాడు. ఇదంతా అయ్యాక ప్రార్థనలో అడిగాడు, పట్టణం పోతుంటే పొలం కొనమంటావేమిటి ప్రభువా అని. సందేహం తీరాక కొనలేదు, కొన్నాక అడిగాడు. ఆయన ఆ పొలం దున్నలేదు. చివరికి ఆయన్ని ఐగుప్తుకు తీసుకుపోయారు.

ఈ డిసెంబరుకి కార్డులు ప్రెస్సుకి ఇచ్చేటప్పుడు ఒక పని చేయండి. 29వ అధ్యాయం పదకొండుతో పాటు పదో వచనం కూడా ఇవ్వండి. అక్షరం సైజు తగ్గుతుందంటారు, తగ్గనివ్వండి. వెనక వైపు రంగులూ బొమ్మలూ వద్దనండి. ఖాళీగా ఉంటే ఏమి అడిగారో, ఏ తేదీన అడిగారో పెన్నుతో రాసుకుంటారు. జవాబు వచ్చిన తేదీకి కింద ఇంకో గీత వదలమనండి. ఆ గీత ఖాళీగా ఉన్న పాత కార్డుల్ని పారేయకుండా కొత్తదాని వెనకే పెట్టుకోమనండి.